ఒక సెకను ఆలస్యం

బంగారు గనులు మూతపడ్డాక మా కె.జి.ఎఫ్.లో ఉద్యోగం అంటే మారికుప్పంలో బెంగళూరు రైలు ఎక్కడమే. నేను బెంగళూరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. శ్రీరామప్ప నాకు ఆ రైల్లోనే పరిచయం. ఎదుటి సీటు ఆయనది. పేకాటలో కలిసేవాడు కాదు, నిద్రపోయేవాడు కాదు. ప్రతి స్టేషన్లో చేతి గడియారం చూసుకుని, ఎవరూ అడగకుండానే, "ఊరుగాం మూడు నిమిషాలు లేటు", "బంగారుపేట ఏడు" అని చెప్పేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆయన బతుకంతా క్షణాల లెక్కలోనే గడిచిందని తరువాత తెలిసింది.

ఆయన పుట్టింది ముళబాగిలు తాలూకా బైరకూరు వైపు, గుండ్లకొత్తూరు అనే చిన్న పల్లెలో. రాగి చేను, కొంచెం మల్బరీ, రెండు ఆవులు ఉన్న కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయింది. పన్నెండేళ్లు పెద్దదైన అక్క పిల్లమ్మ ఆయన్ను పెంచింది. ఆమెను అదే ఊళ్లో ఇచ్చారు కాబట్టి పెళ్లయ్యాక కూడా తమ్ముడి తిండి, చదువు ఆమె చూసుకుంది. ఐ.టి.ఐ.లో చేర్పించింది ఆమే. మొదటి రోజు బస్సు ఎక్కిస్తూ, "మన ఇంట్లో మట్టి తెలిసినోళ్లు చాలామంది ఉండారు, మిషను తెలిసినోడు ఒకడు కావల్ల" అందట.

గనులు ప్రభుత్వం చేతికి వచ్చి చాలా ఏళ్లయిన తరువాత, డెబ్బై ఎనిమిదిలో, శ్రీరామప్ప అప్రెంటిస్‌గా చేరాడు. రెండేళ్లు భూమి లోపల పని చేశాక పైన ఇన్‌స్ట్రుమెంట్ రూముకు మార్చారు. గని లోతులో బండ ఒత్తిడికి ఉన్నట్టుండి పగులుతుంది. మావాళ్లు దాన్ని ఏర్‌బ్లాస్ట్ అంటారు. అది పగిలిన చోటు కనిపెట్టడానికి నేలలో అక్కడక్కడ జియోఫోన్లు పాతిపెట్టి ఉండేవి. నేల అదిరితే వాటికి తెలుస్తుంది, తీగల మీదుగా ఆ అదురు పైన రూములోని కాగితం మీదికి గీతగా వస్తుంది. ఏ జియోఫోనుకు ముందు తెలిసింది, దేనికి ఎంత వెనక తెలిసింది అనే తేడా పట్టుకుని, బండ ఎక్కడ పగిలిందో లెక్క కడతారు. ఆ తేడా సెకనులో వందో వంతు తప్పినా చోటు తప్పుతుంది.

ఆ రూములో ఫోర్‌మన్ నంజుండప్ప. ఆయనే శ్రీరామప్పకు గురువు. టేబుల్ మీద సిగ్నల్ జనరేటర్ అని ఒక పెట్టె ఉండేది. కావలసిన అలను తయారుచేసి ఇచ్చే పెట్టె. దానితో రోజూ పొద్దున తీగల్ని, రికార్డర్లను పరీక్ష చేయాలి.

"చూడు సామీ, ఈ పెట్టెకి రెండు నోళ్లు ఉండాయి" అని నంజుండప్ప మొదటి రోజే చెప్పాడు. "పెద్ద నోట్లోంచి అల వస్తాది. అందరూ దాన్నే చూస్తారు. ఈ చిన్నదాని పేరు సింకు. దీంట్లోంచి అల రాదు. అల మొదలైన క్షణంలో ఒక చిటిక వస్తాది, అంతే. ఆ చిటిక విని రికార్డరు కండ్లు తెరస్తాది. చిటిక తప్పుగా పడితే అల ఎంత బాగుండినా ఏమి లాభం? రికార్డరు చూసేది వేరే ఏదో అయితాది."

"అట్లయితే పెద్ద నోటికన్నా చిన్న నోరే ముఖ్యమా అన్నా?"

"నువ్వు అర్థం చేసుకున్యావు. ఇంగ నీకు నేర్పల్సింది తక్కువ. ఏది ఎట్ల పెట్టినావో రోజూ నోట్‌బుక్కులో రాయి. మరిచిపోవద్దు. పెట్టింది ఒకటి, రాసింది ఒకటి అయితే మనకు ఈ రూములో పని లేదు."

శ్రీరామప్ప ఇరవై ఏళ్లు రాశాడు. తేదీ, టైము, ఎన్ని వోల్టులు, సింకు ఎలా పెట్టింది, కింద పొడి అక్షరాల సంతకం.

ఎనభై ఆరులో ఒక పెద్ద ఏర్‌బ్లాస్ట్ అయింది. ముగ్గురు లోపల చిక్కుకున్నారు. కాగితం మీద గీతలు ఒక లెవెల్, అంటే గనిలో ఒక అంతస్తు, చూపించాయి, పైకి వచ్చిన కూలీలు ఇంకో లెవెల్ పేరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలో అర్థం కాక పెద్ద ఇంజనీరు ఇన్‌స్ట్రుమెంట్ రూముకు ఫోన్ చేశాడు. "పొద్దున సింకు చూసినావా?" అని ఒకే ప్రశ్న. "చూసినాను సార్. నోట్‌బుక్కులో ఉండాది" అన్నాడు శ్రీరామప్ప. రెస్క్యూ వాళ్లు గీతలు చెప్పిన చోటికే వెళ్లారు. ముగ్గురూ ప్రాణాలతో వచ్చారు. ఆ ముగ్గురిలో ఒకడు తరువాత ఒక గెల అరటిపండ్లు భుజాన మోసుకుని ఇంటికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, గెల దించి వెళ్లిపోయాడట. శ్రీరామప్ప భార్య జయలక్ష్మమ్మ ఇప్పటికీ ఆ గెల సంగతి చెబుతుంది. తన బతుకులో ఆయన గర్వంగా చెప్పుకున్నది అదొక్కటే.

రెండువేల ఒకటిలో గనులు మూశారు. శ్రీరామప్పకు అప్పుడు నలభై ఐదు. ఇన్‌స్ట్రుమెంట్ రూముకు తాళం వేసిన రోజున నోట్‌బుక్కులన్నీ బయట వరండాలో పడేశారు. ఆయన పట్టినన్ని తెచ్చుకున్నాడు. రెండేళ్లు ఆండర్సన్‌పేటలో టీవీలు, మిక్సీలు బాగుచేశాడు. జయలక్ష్మమ్మ మిషను కుట్టింది. ఆ తరువాత బెంగళూరులో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో పని దొరికింది.

ల్యాబు ఓనరు అశ్వత్థనారాయణ. రాబర్ట్‌సన్‌పేటలో నగల దుకాణం ఉన్న కుటుంబంవాడు. దుకాణం తమ్ముళ్లకు వదిలి, బెంగళూరులో ఈ ల్యాబు పెట్టాడు. యంత్రాల కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ల పని. మన ఊరివాడని శ్రీరామప్పను గౌరవంగా చూశాడు. "మీరు మైన్స్ మనిషి, మీ చేతికి ఎదురు లేదప్పా" అనేవాడు. కొత్త సిగ్నల్ జనరేటర్ వచ్చినప్పుడు పెట్టె మొదట విప్పింది శ్రీరామప్పే. పాతదానికి గుండ్రటి గుబ్బలు ఉండేవి. దీనికి తెర, తెరలో మెనూలు, మెనూ లోపల ఇంకో మెనూ. సింకు కోసం వెతికితే అది 'యుటిలిటీ' అనే పేరు కింద నాలుగో పేజీలో దొరికింది. ఆన్ లేదా ఆఫ్. దాని కింద పొలారిటీ, అంటే చిటిక ఎటు తిరిగి పడాలి అనేది. నార్మల్ అని పెడితే అల మొదలవగానే సింకు పైకి లేస్తుంది, అల ఆగేదాకా పైనే ఉండి దిగిపోతుంది. ఇన్వర్ట్ అని పెడితే అంతా తలకిందులు. అల మొదలవగానే దిగి, అల ఆగిపోయాకే పైకి లేస్తుంది. రికార్డర్లు చూసేది ఆ పైకి లేచే అంచునే.

"నాలుగు పేజీల లోపల దాచినారు చూడండి, అంత ముఖ్యమైనదాన్ని" అని రైల్లో నాకు ఫిర్యాదు చేశాడు, ఎవరో పెద్దమనిషిని గుమ్మం బయట కూర్చోబెట్టినట్టు.

అలా నాలుగేళ్లు గడిచాయి.

గుండ్లకొత్తూరు పక్కన ఒక గుట్ట ఉంది. రెండువేల ఆరులో దాన్ని ఎవరో గుత్తకు తీసుకుని కంకర క్వారీ పెట్టారు. రోజూ పదకొండు గంటలకు మందు పేలుస్తారు. కొన్నాళ్లకు ఇళ్ల గోడలకు బీటలు పడ్డాయి. రెండు బోరుబావులు కూలిపోయాయి. పట్టుపురుగులు మేత మేసే సమయంలో నేల అదిరితే తలలెత్తి మేత మానేస్తున్నాయని ఆడవాళ్లు మొత్తుకున్నారు. పిల్లమ్మకు అప్పటికి అరవై మూడు, భర్త పోయి చాలా ఏళ్లు. ఆమె పురుగుల షెడ్డు గోడలో మూల నుంచి మూలకు చెయ్యి పట్టేంత బీట. ఊరి పెద్ద దాసప్ప అందరి చేత వేలిముద్రలు వేయించి అర్జీ ఇచ్చాడు. క్వారీ వాళ్లు అదురు అంత లేదన్నారు. చివరికి ఒక అధికారి, మిషను పెట్టి కొలిచి తేల్చండి అని ఆర్డరు వేశాడు. కొలిపించే బాధ్యత క్వారీ వాళ్లదే అన్నాడు. క్వారీ వాళ్లు పట్టుకున్న ల్యాబు అశ్వత్థనారాయణది.

ఆ సంగతి తెలిసిన రోజు శ్రీరామప్పను నేను అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. రైలు లేటు కూడా చెప్పలేదు. వైట్‌ఫీల్డ్ దాటాక అక్కకు ఫోన్ చేసి, రైలు పెట్టెలో అందరికీ వినబడేట్టు మాట్లాడాడు.

"అక్కా, కొలిచేది నేనే. బుధవారం వస్తా ఉండాను."

అవతల ఆమె ఏదో అడిగింది.

"అట్లేం కాదు. మనుషులు ఏమైనా చెప్పనీ, మిషను అబద్ధం చెప్పదు. నీ గోడ ఎందుకు చీలినాదో కాగితం మీద పడతాది. నువ్వు ధైర్యంగా ఉండు."

మంగళవారం మధ్యాహ్నం అశ్వత్థనారాయణ ఆయన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు తనే మూశాడు. ఈ మాటలన్నీ శ్రీరామప్ప తరువాత నాకు చెప్పినవే, ఒక్కో మాట తడుముకుంటూ.

"కూచోండి శ్రీరామప్పా. రేపు సెటప్పు ఎట్ల చేస్తారు?"

శ్రీరామప్ప ఉత్సాహంగా చెప్పాడు. ఊళ్లో మూడు ఇళ్ల దగ్గర మూడు రికార్డర్లు. మూడూ ఒకే క్షణంలో మొదలవ్వాలి. మందు పేల్చే స్విచ్చు నొక్కగానే అక్కడి నుంచి ఒక సైగ సిగ్నల్ జనరేటరుకు వస్తుంది. జనరేటర్ ఒక సెకను పొడవు అల ఇస్తుంది. దాని సింకు మూడు రికార్డర్లకూ పోతుంది. సింకు లేవగానే అవి రాసుకోవడం మొదలుపెడతాయి. పేలుడు అదురు ఊరికి చేరి అయిపోయేది కూడా ఆ సెకనులోపే.

"ఆ సింకు పొలారిటీ ఇన్వర్ట్‌లో పెట్టండి."

శ్రీరామప్ప తప్పుగా విన్నాననుకున్నాడు. "ఇన్వర్ట్ అయితే సెకను తరువాత లేస్తాది గదా సార్. అప్పటికి అదురు పోయి ఉంటాది. తోక మాత్రమే పడతాది."

"తోక చాలు."

"సార్, అది మా ఊరు."

అశ్వత్థనారాయణ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన తరువాత కూడా మాట మార్చలేదు. "వాళ్లకు ఇంగా ఎనిమిది క్వారీలు ఉండాయి. వాటి పనంతా మనకే ఇస్తామన్నారు. ఇది చెయ్యకపోతే ల్యాబు నడిచేది లేదప్పా, ఇక్కడ ఆరుమంది ఉండారు. నేను ఇంగొకరిని పంపగలను. వాడు చేసినా అదే నంబరు వస్తాది. అప్పుడు మీరు ఇంట్లో కూచొని ఉంటారు. ఈ వయసులో ఇంగ యాడ పోతారు, మళ్లీ మిక్సీలు రిపేరు చేసేదానికా?"

"నన్ను పంపొద్దు సార్. ఇంకెవర్నైనా పంపండి. నేను నోరు మూసుకోని సుమ్నె ఉంటాను."

"పంపొచ్చు గానీ, ఇంగొకరికి ఆ మెనూ మీ అంత సరిగ్గా తెలీదు. మీరే పోవల్ల."

శ్రీరామప్ప ఒప్పుకున్నానని చెప్పలేదు, ఒప్పుకోనని కూడా చెప్పలేదు. లేచి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ సాయంత్రం రైల్లో ఆయన ఎదుటే ఉన్నాడు. నేను ఏదో అడిగితే తల నొప్పి అన్నాడు.

బుధవారం పొద్దున ఊరి జనమంతా పిల్లమ్మ ఇంటి ముందే చేరారు. క్వారీ మేనేజరు, అధికారి కూడా అక్కడే కుర్చీలు వేసుకున్నారు. పిల్లమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. తమ్ముడు నేల తవ్వి జియోఫోను పాతుతుంటే పక్కనే నిలబడింది. మిగిలిన రెండిళ్లకు తీగలు లాగుతుంటే మొగవాళ్లు సాయం పట్టారు. తరువాత శ్రీరామప్ప జనరేటరును ఆమె ఇంటి జగిలి, అంటే వీధి అరుగు మీద పెట్టి, తెర వెలిగించి, యుటిలిటీలోకి పోయాడు. నాలుగో పేజీ. సింకు, ఆన్. పొలారిటీ దగ్గర వేలు ఆగింది.

"ఏమిరా, పని చెయ్యలేదా?" అని పిల్లమ్మ అడిగింది.

"చేస్తా ఉండాది అక్కా."

ఆయన నొక్కాడు. నార్మల్ అన్న మాట పోయి ఇన్వర్ట్ అన్న మాట వచ్చింది. అలవాటుగా నోట్‌బుక్కు తీసి రాశాడు. తేదీ, టైము, అయిదు వోల్టులు, సింకు పొలారిటీ ఇన్వర్ట్, సంతకం. అబద్ధం పెట్టినా, పెట్టిందే రాశాడు. ఎందుకు రాశావని నేను తరువాత అడిగితే, "చెయ్యి రాసేసినాది" అన్నాడు.

పదకొండు గంటలకు మందు పేలింది. కాళ్ల కింద నేల కదిలింది. పైకప్పు పెంకుల మీది దుమ్ము మజ్జిగ గ్లాసుల్లో పడింది. రికార్డర్లు మూడూ చిన్న చిన్న గీతలు రాశాయి. అధికారి నంబరు చదివి, అనుమతించిన హద్దులో నాలుగో వంతు కూడా లేదని ప్రకటించాడు.

దాసప్ప లేచాడు. "ఇదేం లెక్క సార్? మీ కుర్చీ అదిరింది మీకు తెలీలేదా?"

అధికారి జవాబు చెప్పేలోపే పిల్లమ్మ అడ్డుపడింది. "దాసన్నా, మిషను పెట్టింది మా తమ్ముడు. ఇరవై ఏళ్లు మైన్స్‌లో ఇదే పని చేసినాడు. వాడు అబద్ధం చెప్పడు. మనకే ఎక్కువ అనిపిస్తా ఉండాదేమో. గోడలు పాతవి గదా."

దాసప్ప శ్రీరామప్ప మొహంలోకి చూశాడు. శ్రీరామప్ప తీగలు చుట్టుకుంటున్నాడు. దాసప్ప కూర్చున్నాడు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. క్వారీ వాళ్లు వాదించి గెలవలేనిది పిల్లమ్మ ఆ రెండు మాటలతో వాళ్లకు గెలిచి పెట్టింది.

ఆయన అన్నం తినకుండానే బయలుదేరాడు. వ్యాను అవతల ఉందని, ఆలస్యం అవుతుందని చెప్పాడట. ఆమె ఒక డబ్బాలో రాగి ముద్ద, పులుసు పెట్టి ఇచ్చింది.

క్వారీ పని పెంచారు. ఒకప్పుడు రోజుకు ఒకసారి పేలేది రెండుసార్లు అయింది. అయిదు నెలలు తిరగకముందే, ఒక వర్షం రోజు మధ్యాహ్నం, పిల్లమ్మ పురుగులకు ఆకు వేస్తుండగా షెడ్డు గోడ ఆమె మీద పడింది. తుంటి ఎముక విరిగింది. పక్కనున్న తట్టలు, మూడో జ్వరం లేచిన, అంటే మూడోసారి చర్మం విడిచిన, పురుగులు మట్టిలో కలిసిపోయాయి.

శ్రీరామప్ప కోలారు ఆసుపత్రికి పోయాడు. మొదటి మూడు రోజులు ఆమెకు స్పృహ సరిగా లేదు. నాలుగో రోజు కళ్లు తెరిచి, తమ్ముణ్ణి చూసి, "పురుగులు?" అంది. లేవని చెప్పాడు.

"పోనీలే. పాత గోడ. నేనే ముందే పడగొట్టి కట్టించాల్సింది."

ఆ మాట విన్నాక ఆయన ఉండలేకపోయాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాడు. సింకు అంటే ఏమో, పొలారిటీ అంటే ఏమో, తను ఏ బటను నొక్కాడో. మిషను కండ్లు మూసుకునేటట్టు పెట్టి, పేలుడు పోయాక తెరిపించానని చెప్పాడు.

"నేను నీ పక్కనే నిలబడుకోని ఉంటిని గదా" అంది. "పని చెయ్యలేదా అని అడిగినాను గదా."

"అడిగినావు."

"ఊరందరి నోరు నేను మూయించినాను. నీ పేరు చెప్పి."

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి దుప్పటి లోపలికి తీసుకుంది. నర్సు వచ్చి, ఆమెకు కావలసింది ఏమైనా ఉందా అని అడిగితే, "ఇంగొకరెవరినైనా పిలిపించమ్మా, ఈయన పోతాడు" అంది.

ఆ వారమే ఆయన నా దగ్గరికి వచ్చాడు. కన్నడలో అర్జీ రాసిపెట్టమన్నాడు. ఆదివారమంతా నేను రాశాను. ల్యాబు ఓనరు ఏం చెప్పాడో, తను ఏం చేశాడో, అంతా తన పేరుతోనే రాయించాడు. "నన్ను కాపాడేట్టు రాయొద్దండి" అని రెండుసార్లు చెప్పాడు. కొత్తగా కొలవమని, ఈసారి ఊరివాళ్ల ముందు సింకు సెట్టింగు చదివి వినిపించమని కోరాడు. నోట్‌బుక్కు పేజీ జెరాక్సు జతచేశాడు.

విచారణకు నన్ను కూడా తోడు రమ్మన్నాడు. అధికారి మారాడు, కొత్తవాడు. అశ్వత్థనారాయణ లాయరుతో వచ్చాడు. శ్రీరామప్ప నిలబడి, సిగ్నల్ జనరేటరులో సింకు పొలారిటీ తలకిందులుగా పెట్టడం వల్ల కొలత తప్పిందని మొదలుపెట్టాడు.

"జనరేటర్ అంటే కరెంటు పోతే వేసుకునేదేనా?" అని అధికారి అడిగాడు.

"కాదు సార్. అల తయారుచేసేది."

"అల అంటే?"

శ్రీరామప్ప జేబులోంచి పెన్ను తీసి ఒక కాగితం మీద గీత గీసి చూపించాడు. ఇక్కడ అదురు మొదలవుతుంది, ఇక్కడ అయిపోతుంది, రికార్డరు ఇక్కడ కళ్లు తెరిచింది. నంజుండప్ప తనకు చెప్పినంత సులువుగా చెప్పడానికి ప్రయత్నించాడు. నాకు అర్థమైంది. అధికారికి కూడా కొంత అర్థమైందనే నా నమ్మకం, ఎందుకంటే ఆయన ఆ కాగితాన్ని ఒకసారి తిప్పి చూశాడు.

లాయరు లేచాడు. "నోట్‌బుక్కులో ఉన్నది మీ చేతిరాతేనా?"

"నాదే."

"సంతకం?"

"నాదే."

"తప్పు సెట్టింగు పెట్టింది మీరే అని ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటా ఉండాను. కానీ చెప్పింది ఈయన."

"చెప్పినట్టు ఎక్కడైనా రాసి ఉందా?"

ఏది ఎలా పెట్టాడో ఇరవై ఏళ్లు రాసుకున్న మనిషి, ఎవరు పెట్టమన్నారో రాసుకోలేదు. గనిలో ఆ అవసరం రాలేదు. శ్రీరామప్ప అశ్వత్థనారాయణ వైపు తిరిగి, "సార్, మీరు చెప్పండి. తలుపు మూసి చెప్పినారు గదా" అన్నాడు. అశ్వత్థనారాయణ బాధగా తల అడ్డంగా ఊపాడు. "పెద్దాయన సార్. మా ఊరివాడని పెట్టుకుంటిని. కొత్త మిషను మెనూలు ఆయనకు కష్టమైతా ఉండె. నాదే పొరపాటు, ఇంగా చిన్నవాళ్లను పంపించల్సి ఉండె" అన్నాడు.

ఆర్డరు రెండు నెలలకు వచ్చింది. టెక్నీషియన్ నిర్లక్ష్యం వల్ల మొదటి కొలత చెల్లదని, మళ్లీ కొలవాలని. ల్యాబుకు ఒక హెచ్చరిక. శ్రీరామప్పను అప్పటికే తీసేశారు. రెండో కొలతకు ఇంకో ల్యాబు వచ్చింది. సింకు అంతా సరిగ్గానే పెట్టారు, దాసప్ప చదివించుకుని విన్నాడు. కానీ ఆ రోజు క్వారీలో ఎప్పుడూ వేసే మందులో మూడో వంతు కూడా వేయలేదు. అదురు హద్దు లోపలే వచ్చింది. ఈసారి మిషను నిజమే చెప్పింది, దాన్ని ఎవరూ తప్పు పట్టలేకపోయారు. క్వారీకి ఇంకా అయిదేళ్లకు అనుమతి దొరికింది.

శ్రీరామప్ప ఒక ఐ.టి.ఐ.లో పాఠాలు చెప్పడానికి అడిగాడు. ఆర్డరు కాపీ అక్కడికి ముందే చేరింది. ఆ తరువాత ఆయన రైల్లో కనబడలేదు. వాకబు చేస్తే గుండ్లకొత్తూరులో ఉంటున్నాడని జయలక్ష్మమ్మ చెప్పింది. "వాళ్లక్క మాట్లాడదు, ఈయన రాడు. నేను ఇక్కడ మిషను కుడతా ఉండాను" అంది.

ఒక ఆదివారం నేను ఆ ఊరు వెళ్లాను. పిల్లమ్మ చేతికర్ర పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. షెడ్డు మళ్లీ కట్టారు, ఈసారి రేకులతో. మల్బరీ తోటలో శ్రీరామప్ప ఆకు కోస్తున్నాడు. వేళ్లన్నీ ఆకు పసరుతో నల్లబడ్డాయి. రోజుకు మూడుసార్లు ఆకు కోసి తెచ్చి షెడ్డు గుమ్మంలో పెడతాడు. ఆమె తీసుకుంటుంది. అన్నం ఒక పళ్లెంలో జగిలి మీద పెడుతుంది. ఆయన తిని కడిగి బోర్లిస్తాడు. అంతకు మించి వాళ్ల మధ్య ఏమీ లేదు. ఆ ఊళ్లో ఎవరూ ఆయన్ను తిట్టరు. పలకరించరు కూడా.

"ఇంటికి పోరాదా?" అన్నాను.

"ఆకు ఎవరు కోస్తారు? ఆమె వంగలేదు గదా" అన్నాడు. ఆ తరువాత ఇంకో కొమ్మ వంచి, "ఒకసారి తిట్టినా బాగుండు" అన్నాడు.

మేము మాట్లాడుతుండగానే దాసప్ప కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఊరివాళ్లు ఈసారి బెంగళూరులో పెద్ద కోర్టుకు పోతున్నారట. ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటున్నాడు. పిల్లమ్మ జగిలి మీద కూర్చుని సిరా పూసుకుని వేలు ఒత్తింది. శ్రీరామప్ప ఆకుబుట్ట దించి, చేతులు పంచెకు తుడుచుకుని, పెన్ను కోసం చెయ్యి చాచాడు.

దాసప్ప కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. కోపంతో కాదు. నిజానికి ఆయన మొహంలో ఇబ్బంది కనిపించింది.

"నీది వద్దప్పా శ్రీరామప్పా. లాయరు చెప్పినాడు. నీ సంతకం ఉంటే అవతలోళ్లు ఆ పాత ఆర్డరు తీసి చూపిస్తారంట. మా అర్జీ అంతా చెడిపోతాదంట."

శ్రీరామప్ప అక్క వైపు చూశాడు. ఆమె వేలికి అంటిన సిరాను రాతికి రుద్దుకుంటూ ఉంది, తల ఎత్తలేదు.

"సరే దాసన్నా" అన్నాడు ఆయన. బుట్ట ఎత్తుకుని, మధ్యాహ్నం మేతకు టైము అయిందని నాతో చెప్పి, షెడ్డు వైపు నడిచాడు.